మందుకు తోడు పత్తెం: వాడ నుంచి కొన్ని ప్రశ్నలు

తెలుగులో కథనూ కవితనూ కులం కోణం నుంచి చదవడం మొదలై మూడు దశాబ్దాలు దాటింది. కానీ బస్టాండు పుస్తకాల అంగట్లో కథల పుస్తకం పక్కనే వేలాడే ఆహార వైద్యం పుస్తకాన్ని మనం అట్లా చదివింది తక్కువ. అది ఎవరి వంటింట్లో నిలబడి రాసింది, ఎవరి ఒంటిని మనసులో పెట్టుకుని రాసింది అని అడిగింది ఇంకా తక్కువ. జనం మాత్రం కథల పుస్తకం కంటే దాన్నే ఎక్కువ నమ్ముతున్నారు. చదువు రానివాళ్లు సెల్‌ఫోన్లో ఆ ఉపన్యాసాలు వింటున్నారు. ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాల సంగతి అట్లుంచితే మా దేవనకొండ మండలం పల్లెల్లో కూడా, ఊర్లోనూ వాడలోనూ, చక్కెర జబ్బు వచ్చినా గుండెజబ్బు వచ్చినా క్యాన్సర్ వచ్చినా టీబీ వచ్చినా మొదట వినిపించే మాట ఇదే: "మందులు వాడుకో, దానికి తోడు ఆకుకూరలు, గింజలు తిను. మాంసం, గుడ్డు మానుకో."

ఆ మాటనే ఇక్కడ చర్చకు పెడుతున్నాం. శాకాహారం మంచిదా చెడ్డదా అని తేల్చడం మా పని కాదు. పెద్ద రోగం వచ్చినప్పుడు మందుకు తోడుగా చెప్పే ఈ పత్తెం వాడలోకి వచ్చేసరికి ఏమవుతున్నది అనేది మా ప్రశ్న.

చెప్పేవాళ్లు, వినేవాళ్లు

ఈ ధోరణికి తెలుగులో ఇద్దరి పేర్లు అందరికీ తెలుసు. మంతెన సత్యనారాయణరాజు ఉప్పూ నూనే లేని వంట, పచ్చి కూరల రసం, మొలకెత్తిన గింజలు, పండ్లు అంటూ టీవీ ద్వారా ఇంటింటికీ చేరారు. ప్రొద్దుటూరులో పుట్టి మైసూరులో స్థిరపడిన ఖాదర్ వలీ కొర్ర, అండుకొర్ర, సామ, ఊద, అరిక అనే ఐదు సిరిధాన్యాలను ప్రచారం చేస్తూ, రోగాన్ని బట్టి ఏ గింజ ఎన్ని రోజులు తినాలో, ఏ ఆకు కషాయం తాగాలో చెబుతారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

వీళ్ల మాటల్లో మంచి లేదని మేము అనం. పాలిష్ పట్టిన బియ్యం, చక్కెర, నూనె మితిమీరిన కాలంలో చిరుధాన్యాల గురించీ కూరగాయల గురించీ మాట్లాడటం అవసరమే. శాకాహారం పక్షాన శాస్త్రమూ కొంత ఉంది. 1990లో అమెరికా డాక్టరు డీన్ ఆర్నిష్ బృందం 48 మంది గుండె రోగుల మీద చేసిన ప్రయోగంలో, కొవ్వు బాగా తగ్గించిన శాకాహారం, వ్యాయామం, ధ్యానం, పొగతాగడం మానడం అన్నీ కలిసి ఏడాదిలో రక్తనాళాల పూడికను కొంతవరకు వెనక్కి తిప్పాయని తేలింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, ఉప్పు పెట్టి, పొగబెట్టి నిలవ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. పశుమాంసం, మేకమాంసం లాంటి ఎర్రమాంసాన్ని కారకం కావచ్చు అనే వర్గంలో పెట్టింది. ఎండబెట్టిన తునకలు మన వాడల్లో ఉన్నాయి కాబట్టి ఆ మాట మనమూ వినాల్సిందే.

కానీ ఈ పుస్తకాలను విమర్శకులుగా చదివితే ఒక సంగతి కనపడుతుంది. వాటిలో ఎక్కువసార్లు వచ్చే క్రియ "మానుకో". ఉప్పు మానుకో, నూనె మానుకో, పాలు మానుకో, మాంసం మానుకో. మానుకోవాలంటే ముందు ఉండాలి గదా! ఆ పుస్తకం ఎదుట కూచున్న పాఠకుడు మూడు పూటలా కడుపునిండా తిని, కదలకుండా కూచుని, తిన్నది ఎక్కువై జబ్బుపడినవాడు. అతనికి పండ్ల రసం తీసే మిక్సీ ఉంది. మొలకలు కట్టిపెట్టే తీరిక ఉన్న ఆడమనిషి ఇంట్లో ఉంది. అతనికి ఆ సలహా సరిపోవచ్చు. అదే సలహా సుగ్గికి పోయి గుంటూరు మిరపచేలల్లో టార్పాలిన్ కింద పడుకుని దగ్గుతో తిరిగొచ్చిన మనిషికి చెప్పినప్పుడు, అక్కర లేనిదాన్ని మానిపించడం పోయి, ఉన్న కొంచెమూ లాక్కోవడం అవుతుంది. ఆ మనిషిది తినక వచ్చిన జబ్బు.

తోడు అనే మాట

రెండో మాట "తోడు". "మేము మందులు మానమని చెప్పలేదు, మందుకు తోడుగా చెబుతున్నాం" అనేది ఇట్లాంటి ప్రచారాలు చేసే చాలామంది సమాధానం. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ తోడు వచ్చినవాడు ఇంటివాణ్ణి వెళ్లగొట్టడం లోకంలో లేనిది కాదు.

2018లో అమెరికా క్యాన్సర్ వైద్య పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఈ తోడు సంగతే చూసింది. కనీసం ఒక ఇంగ్లీషు వైద్యమైనా తీసుకుంటూ దానికి తోడు మూలికలు, ప్రత్యేక ఆహారాలు వంటివి వాడిన 258 మందిని, అట్లా వాడని వెయ్యి మందికి పైగా రోగులతో పోల్చారు. తోడు వాడినవాళ్లలో నూటికి 34 మంది కీమోథెరపీ వద్దన్నారు. రెండోవాళ్లలో నూటికి ముగ్గురే. రేడియేషన్ వద్దన్నవాళ్లు మొదటి గుంపులో నూటికి 53, రెండో గుంపులో ఇద్దరు. చావు ప్రమాదం మొదటివాళ్లకు రెండింతలు ఉంది. మూలికలు తిన్నందువల్ల చచ్చిపోయారని దీని అర్థం కాదు. తోడు అనుకున్నది కొందరిలో మెల్లగా బదులు అయిందని అర్థం. 2024 నవంబరులో ఒక మాజీ క్రికెటర్, తన భార్య క్యాన్సర్ ఆహార నియమాలతో నయమైందని చెప్పినప్పుడు టాటా మెమోరియల్ ఆసుపత్రికి చెందిన 262 మంది క్యాన్సర్ వైద్యులు, నిరూపణ లేని పద్ధతులను నమ్మి వైద్యం ఆలస్యం చేసుకోవద్దని ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. ఆమెకు ఆపరేషన్, కీమోథెరపీ కూడా జరిగాయి. జనం చెవిన పడింది మాత్రం వేపాకు, పసుపే.

డబ్బున్న ఇంట్లో తోడు తోడుగా ఉండొచ్చు. వాళ్లు రెండూ కొనగలరు. వాడలో ఉన్నది ఒక్క కూలి. కర్నూలు పెద్దాసుపత్రికి పోయి రావాలంటే ఆ రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ పోతుంది, తోడు వచ్చినవాళ్ల కూలీ పోతుంది. ఆ పూట పెరట్లో ఆకు దంచి తాగితే సరిపోతుందని ఎవరైనా చెబితే, ఆ మాట చెవికి ఎంత ఇంపుగా ఉంటుందో మాకు తెలుసు. పేదరికమే అక్కడ తోడును బదులుగా మారుస్తుంది.

మా చిన్నమ్మ పత్తెం

మాకు చిన్నమ్మ వరసయ్యే ఒకామెకు సుగ్గి నుంచి వచ్చినాక టీబీ అని తేలింది. అప్పుడామె బరువు 36 కిలోలు. మాత్రలు మొదలుపెట్టారు. వాడలో అందరూ చేసేదే చేశారు: వారానికోసారి ఎముకల పులుసు, దొరికిన రోజు గుడ్డు. రెండో నెలకు జ్వరం తగ్గింది. అప్పుడు ఆమె కళ్లం పనికి పోయే ఆసామి ఇంటామె మంచి మనసుతోనే ఒక ఉపన్యాసం వినిపించింది. "ఆ కూర తింటే మందు పనిచెయ్యదంట. ఒంట్లో విషం చేరుతాదంట. కొర్రబువ్వ తిను, పొద్దున్నే ఆకు కషాయం తాగు" అని చెప్పింది. ఆ ఉపన్యాసంలో నిజంగా అదే ఉందో, ఈమె అట్లా అర్థం చేసుకుందో మాకు తెలియదు. వాడకు చేరింది మాత్రం ఇదే.

చిన్నమ్మ పులుసు మానేసింది, గుడ్డు మానేసింది. కోటా బియ్యం ఊరికే వస్తున్నాయి, కొర్రబియ్యం కిలో వందకు దగ్గర. రెండు కిలోలు కొని నెలంతా సర్దుకుంది. అంటే తినడమే తగ్గించింది. మూడో నెల దగ్గు కూడా తగ్గేసరికి అది కషాయం గొప్పతనమని అనుకుంది. మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పుతున్నాయి, కషాయానికి ఆ బాధ లేదు. మాత్రలు ఆపేసింది. ఆశా కార్యకర్త పసిగట్టి మళ్లీ ఆసుపత్రికి తీసుకుపోయేసరికి ఆరు వారాలు దాటిపోయాయి. దగ్గు తిరగబెట్టింది, బరువు ఇంకా రెండు కిలోలు పోయింది.

మేము పక్కనే ఉన్నాం. డాక్టరు అడిగాడు: "ఏం తింటావమ్మా? గుడ్డు, మాంసం తింటావా?"

"లేదు సార్, అన్నీ మానేసినాను" అంది చిన్నమ్మ. పరీక్షలో సరైన జవాబు చెప్పిన పిల్ల మొహం లాగా ఉంది ఆమె మొహం.

బయటికొచ్చినాక అడిగితిమి, "ఎందుకు చిన్నమ్మా అట్లా చెప్తివి? మొన్నటిదాకా తింటివి గదా?" అని.

"వాళ్ల కాడ ఆ కూర తింటామని యెట్ల చెప్పాల నాయనా?" అంది.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మాట. డాక్టరు గుడ్డు తినమని చెప్పడానికే ఆ ప్రశ్న అడిగాడు. ఆమెకు అది కులం అడిగినట్టు వినపడింది. రోగి తాను తినేది నిజంగా చెప్పలేకపోతే వైద్యం సగం గుడ్డిది అవుతుంది. చిన్నమ్మ మళ్లీ మాత్రలు మొదలుపెట్టి పూర్తి చేసింది, ఇప్పుడు బాగానే ఉంది. ఆరు నెలల్లో అయిపోవాల్సిన మందు ఏడాది పట్టింది. ఆ ఏడాది సుగ్గి పోయింది, చేసిన అప్పు మాత్రం ఉంది.

కొర్ర ఎక్కడికి పోయింది, ఎట్లా వచ్చింది

పత్తెం అనేది వాడకు కొత్త కాదు. పురుళ్లు పోసిన మా అవ్వలకు ఏ ఆకు ఎందుకు పనికొస్తుందో తెలుసు. కామెర్లకు నేలఉసిరి నూరి మజ్జిగలో ఇచ్చి ఉప్పూ నూనే మాన్పించిందీ వాళ్లే, బాలింతకు పొట్టేలు కాళ్ల పులుసు, నీరసపడిన పిల్లకు కాలేయం ముక్క పెట్టిందీ వాళ్లే. వాళ్ల పత్తెంలో ఆకు ఉంది, ఎముకా ఉంది. వాళ్లు చెప్పిందంతా ఒప్పని మేము అనం. కామెర్లలో రకాలున్నాయి, పసరుతో పోనివి ప్రాణం మీదికి తెస్తాయి. అయితే ఆకునూ మాంసాన్నీ పవిత్రం, అపవిత్రం అని విడదీసే ఆలోచన ఆ పత్తెంలో లేదు.

ఇవాళ సిరిధాన్యం అని ప్యాకెట్లో వస్తున్న కొర్ర మన మెట్టచేల పంట. జొన్న, సజ్జ, కొర్ర, అనుములు, అలసందలు, ఉలవలు కలిపి చల్లిన చేలు పోయి ఒకే పంట చేలు వచ్చాయి. మొదట వేరుశనగ, తర్వాత పత్తి, నీళ్లున్న చోట టమోటా. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. ఆ పథకం ఆకలి చావులను ఆపింది, దాన్ని మేము తక్కువ చెయ్యం. కానీ కోటాలో బియ్యమే ఇచ్చి జొన్న, కొర్ర ఇవ్వకపోవడంతో అవి పొలంలోంచీ పళ్లెంలోంచీ పోయాయి. బియ్యం బువ్వ తినడం వాడకు గౌరవమూ అయింది. జొన్నరొట్టె, సంగటి తిన్నందుకు బళ్లో నవ్వించుకున్న తరం మాది. ఇప్పుడు అదే గింజ నాలుగింతల ధరకు మందుగా తిరిగొచ్చింది. దాన్ని పండించిన కూలి దాన్ని కొనలేడు.

అట్లాగని పాత తిండినంతా ఆకాశానికెత్తడం కూడా మాకు సమ్మతం కాదు. "మన పూర్వీకులు గింజలు తిని నూరేళ్లు బతికారు" అనేవాళ్లు ఒక చరిత్ర తెలుసుకోవాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకాంతయ్య దక్కన్ పీఠభూమిలో జొన్న తప్ప ఇంకేమీ దొరకని పేదల్లో పెల్లాగ్రా జబ్బు చూశారు. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పగలడం, విరేచనాలు, మతి చెదరడం దాని లక్షణాలు. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ దానికి కారణం కావచ్చని 1960లో వాళ్లు రాశారు. జొన్నకు తోడు పప్పు, పాలు, మాంసం తినే ఆసామికి అదే జొన్న చెరుపు చెయ్యలేదు. గింజ మంచిదే. ఒట్టి గింజ మీద బతకాల్సి రావడం జబ్బు.

కూలివాడికి ఎంత తిండి చాలునో లెక్కకట్టిన వాళ్లను ఈ నేల ఇంతకు ముందు కూడా చూసింది. 1876-78 ధాత కరువులో కర్నూలు, బళ్లారి జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. అప్పుడు సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలీలకు రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్ది పైసలు చాలునన్నాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ దాన్ని వ్యతిరేకించాడు. పని చేసే ఒంటికి అది చాలదని, గింజతో పాటు పప్పు వంటివి కావాలని వాదించాడు. మాంసకృత్తులు పేదవాడికి అవసరమా అనే ప్రశ్న మన జిల్లాలో అంత పాతది.

సాత్వికం వెనక కులం

ఆహార వైద్యం భాషలో ఇంకొక మాట "సాత్వికం". ఇది వైద్యం మాట కాదు. రోగి పళ్లెంలో ఏముందో చూసి అతని గుణాన్ని తీర్పు చెప్పే మాట. అంబేడ్కర్ 1948లో వచ్చిన 'అంటరానివారు' అనే గ్రంథంలో గొడ్డుమాంసం తినడాన్నీ అంటరానితనం పుట్టుకనూ కలిపి చూపించాడు. తిండిని బట్టి మనిషిని దూరం పెట్టిన సమాజంలో, డాక్టరో ఉపన్యాసకుడో "ఆ కూర మానుకో" అంటే అందులో వైద్యం ఎంత, కులం ఎంత అని తూచి చూడక తప్పదు.

గాంధీ 'సత్యశోధన'లో ఒక ఘట్టం ఉంది. పదేళ్ల కొడుకు మణిలాల్‌కు టైఫాయిడ్, దానితో న్యుమోనియా వచ్చాయి. గుడ్లు, కోడి పులుసు ఇవ్వాలని డాక్టరు చెప్పాడు. గాంధీ ఒప్పుకోలేదు, నీటి వైద్యం చేశాడు. పిల్లవాడు బతికాడు. గాంధీ దాన్ని తన విశ్వాసానికి వచ్చిన పరీక్షగా రాసుకున్నాడు. ఆ గాంధీయే 1918లో తీవ్రంగా జబ్బుపడినప్పుడు పాలు తాగనన్న వ్రతాన్ని సడలించుకుని మేకపాలకు ఒప్పుకున్నాడు. ఒంటి అవసరం ముందు సిద్ధాంతం ఒక మెట్టు దిగింది. దాన్ని మేము తప్పుపట్టం. కానీ గాంధీకి ఇంటికొచ్చే డాక్టరు ఉన్నాడు, వద్దనే అధికారం ఉంది, ప్రత్యామ్నాయంగా పాలూ పండ్లూ ఉన్నాయి. ఆ వ్రతాన్నే ఏ ప్రత్యామ్నాయమూ లేనివాళ్ల మీద పెడితే అది ఆకలి అవుతుంది.

ఇది గతం మాత్రమే కాదు. 2015లో మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి అంగన్‌వాడీల్లో గుడ్డు పెట్టనివ్వనన్నాడు. 2021 డిసెంబరులో రాయచూరు, బళ్లారి వంటి జిల్లాల బడిపిల్లలకు కర్ణాటక ప్రభుత్వం గుడ్డు మొదలుపెడితే కొందరు మఠాధిపతులు అడ్డం తిరిగారు. ఆంధ్రాలో అంగన్‌వాడీలోనూ బడిలోనూ గుడ్డు ఉంది. 2014 సర్వే ప్రకారం మన రెండు తెలుగు రాష్ట్రాల్లో నూటికి 98 మంది మాంసాహారులే. అయినా రోగం రాగానే ఆ రెండు శాతం తిండి అందరికీ ఆదర్శం ఎట్లా అవుతున్నదో మన విద్యార్థులు పరిశోధించాల్సిన విషయం.

మందు పని మందుది, తిండి పని తిండిది

టీబీ విషయంలో ఈ లెక్క తేల్చిన పరిశోధనలు మన దేశంలోనే జరిగాయి. ఒకప్పుడు టీబీకి వైద్యమంటే మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం లాంటి శానిటోరియంలో విశ్రాంతి, గాలి, మంచి తిండి. 1959లో మద్రాసులోని పరిశోధన కేంద్రం, శానిటోరియంలో బాగా తిన్న రోగులకూ, ఇంట్లో పేద తిండి తింటూ అదే మందులు వాడినవాళ్లకూ దాదాపు సమానంగా నయమైందని చూపించింది. అంటే క్రిమిని చంపేది మందే. దాని స్థానంలో ఏ కషాయమూ నిలవదు. కానీ ఆ ఫలితం పట్టుకుని తిండి సంగతి చాలాకాలం వెనక్కి నెట్టారు.

2019లో మొదలై 2023లో ఫలితాలు వెలువడిన రేషన్స్ అనే పరిశోధన రెండో సగం చెప్పింది. జార్ఖండ్‌లో 2,800 మంది టీబీ రోగులకు మందులతో పాటు నెలకు 10 కిలోల తిండి ఇచ్చారు: బియ్యం, వేయించిన శనగల పిండి, పాలపొడి, నూనె. ఆ రోగుల్లో నూటికి ఎనభై మందికి పైగా బక్కచిక్కి ఉన్నవాళ్లే. మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగినవాళ్లకు చావు ప్రమాదం 61 శాతం తక్కువగా కనపడింది. కొన్ని ఇళ్లలో మిగతా కుటుంబానికి కూడా బియ్యం, పప్పు ఇస్తే వాళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది.

ఆ మూటలో మాంసం లేదని కొందరు అనొచ్చు. నిజమే. మాంసం తింటేనే బతుకుతారని మేము వాదించడం లేదు. పప్పు, శనగలు, వేరుశనక్కాయలు, పాలు చాలినంత పెట్టగలిగితే ఒళ్లు కోలుకుంటుంది. అయితే ఆ "చాలినంత" ఎవరు ఇస్తారు? టీబీ రోగికి తిండి కోసం ప్రభుత్వం 2018 నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలు ప్రకటించింది. రోజుకు 33 రూపాయలు. ఆ 33 రూపాయల్లో కొర్రబియ్యం కొనాలా, గుడ్లు కొనాలా అనేది ఉపన్యాసకుడికి నియమం, రోగికి బరువు.

ఇంకో రెండు జాగ్రత్తలు కూడా చెప్పుకోవాలి. బి12 విటమిన్ సహజంగా దొరికేది పాలు, గుడ్లు, మాంసం, చేపల్లోనే. పాలు కూడా మానేసి ఒట్టి శాకాహారం తినేవాళ్లు, అందులోనూ ఏళ్ల తరబడి చక్కెర జబ్బుకు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు, డాక్టరును అడిగి దాన్ని మందుగా తీసుకోవాలి. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లకు ఆకు రసాలు, పండ్ల రసాలు, కొబ్బరినీళ్లలోని పొటాషియం గుండెకు ప్రమాదం తెస్తుంది. రక్తం పలచబడే వార్ఫరిన్ మందు వాడేవాళ్లు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచినా మందు లెక్క తప్పుతుంది. ఆకు గదా, ఏం చేస్తుందిలే అనుకోకూడదు. గుణం చేసేది చెరుపూ చెయ్యగలదు.

మనం చెయ్యాల్సింది

కార్యకర్తలుగా, టీచర్లుగా, విద్యార్థులుగా మన వైపు నుంచి కొన్ని పనులున్నాయి. వాడలో ఎవరికి పెద్ద రోగం వచ్చినా మాత్రలు ఆపలేదు గదా అని వారం వారం అడగాలి. ఏం తింటున్నారో దాచకుండా డాక్టరుకు చెప్పేలా పక్కన నిలబడాలి. తిండి అడిగేటప్పుడు రోగి మొహం ఎందుకు వాలిపోతుందో వైద్యవిద్యార్థులకు ఎవరో ఒకరు చెప్పాలి, ఆ పని మన పిల్లల్లో డాక్టర్లు అయినవాళ్లు చెయ్యాలి. కోటాలో బియ్యంతో పాటు జొన్న, కొర్ర, కందిపప్పు నెల నెలా తప్పకుండా ఇవ్వాలని, వాటిని మన మెట్టరైతుల దగ్గరే కొనాలని అడగాలి. కొర్రను సిరిధాన్యమని పొగిడే ప్రభుత్వాలకు అది పెద్ద పని కాదు.

ఆకుకూరలు మనవే, కొర్రలు మనవే, తునకలు కూడా మనవే. వీటిలో ఏది ఎప్పుడు తినాలో, ఏది తగ్గించాలో డాక్టరు మన ఒంటిని చూసి చెబితే వింటాం, పాటిస్తాం. మన పుట్టుకను చూసి చెబితే వినం. ఈ తేడా రోగికి తెలియాలి, డాక్టరుకూ తెలియాలి.

మొన్న పండక్కి పోయినప్పుడు చిన్నమ్మ ఇంట్లో పొయ్యి మీద పుండికూర పప్పు ఉడుకుతున్నది, పక్క పొయ్యి మీద పులుసు. "ఈసారి అడిగితే రెండూ చెప్తాలే నాయనా" అంది.